గెలిచినా పైకి రానన్న జట్టు: 1965 బ్రిటిష్ లీగ్ వెనుక కథ

1963 సీజన్ ముగిసేసరికి బ్రిటన్‌లో స్పీడ్‌వే అనే మోటారుసైకిల్ పందేల ఆటలో ప్రొవిన్షియల్ లీగ్ విజేతగా వుల్వర్‌హాంప్టన్ నిలిచింది. ఏ ఆటలోనైనా కింది లీగ్ గెలిచిన జట్టు పై లీగ్‌లోకి ఎప్పుడెప్పుడు అడుగుపెడదామా అని చూస్తుంది. వుల్వర్‌హాంప్టన్ మాత్రం పైవాళ్లే పిలిచినా రానంది. ఆ నిరాకరణతో మొదలైన తగాదా ఏడాది పాటు ఆటను రెండు శిబిరాలుగా చీల్చింది, చివరికి బ్రిటన్‌లో మోటారు క్రీడలకు పెద్ద దిక్కైన రాయల్ ఆటోమొబైల్ క్లబ్ విచారణ వేయవలసి వచ్చింది, 1965 వసంతంలో 18 జట్లతో ఒకే అగ్రశ్రేణి లీగ్ పుట్టడానికి దారితీసింది. బ్రిటిష్ లీగ్ అనే పేరుతో సాగిన ఆ తొలి సీజన్‌లో ఎవరు గెలిచారన్నది ఒక వాక్యంలో చెప్పవచ్చు. ఆ పద్ధెనిమిది జట్లు ఒకే పట్టికలోకి ఎలా వచ్చాయన్నదానికి మాత్రం కొన్ని దశాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

స్పీడ్‌వే చూడనివారికి ముందుగా ఆట సంగతి చెప్పాలి. అండాకారపు మట్టి ట్రాక్ మీద నలుగురు రైడర్లు అపసవ్య దిశలో నాలుగు చుట్లు తిరుగుతారు. దాన్ని హీట్ అంటారు, అది నిమిషం పైచిలుకులో ముగుస్తుంది. 500 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజన్, మిథనాల్ ఇంధనం, ఒకటే గేరు. బ్రేకులు ఉండవు. మలుపులో రైడరు బండిని పక్కకు జార్చి, ముందు చక్రాన్ని మలుపుకు ఎదురు దిశలో తిప్పి పట్టుకుని, ఉక్కు తొడుగు వేసిన ఎడమ బూటును నేలకు ఆనించి సాగిపోతాడు. వెనుక చక్రం ఎగజిమ్మిన మట్టి వంపు దగ్గర నిలబడ్డవాళ్ల మీద పడుతుంది. ఆ రోజుల్లో ఇంజన్లకు ఆముదంతో చేసిన నూనె వాడేవారు. అది కాలిన వాసనను పాత ప్రేక్షకులు ఈనాటికీ తలచుకుంటారు. పాత తరం తెలుగు ఇళ్లలో దీపానికీ తలకూ వాడిన నూనె అక్కడ యంత్రం లోపల కాలుతూ ఉండేదన్నమాట. గెలిచినవాడికి 3 పాయింట్లు, రెండోవాడికి 2, మూడోవాడికి 1, చివరివాడికి సున్నా. జట్టు పోటీలో ఒక్కో హీట్‌లో ఒక్కో జట్టు నుంచి ఇద్దరు దిగుతారు. బ్రిటిష్ లీగ్ మొదలైనప్పుడు జట్టుకు ఏడుగురు, మ్యాచ్‌కు 13 హీట్లు, మొత్తం 78 పాయింట్లు. 40-38 వంటి ఫలితాలు ఆ లెక్క నుంచే వచ్చేవి.

ఆట బ్రిటన్‌లో పుట్టలేదు. ఆస్ట్రేలియాలోని మైట్‌లాండ్‌లో 1923 డిసెంబరులో జానీ హాస్కిన్స్ నిర్వహించిన పందేలను సాధారణంగా దీనికి ఆరంభంగా చెబుతారు. బ్రిటన్‌లో 1928 ఫిబ్రవరి 19న లండన్ శివారున ఎప్పింగ్ అడవిలోని హై బీచ్ దగ్గర, ఒక పబ్ వెనుక ఉన్న ట్రాక్ మీద తొలి పోటీలు జరిగాయి. నిర్వాహకులు ఊహించినదానికి ఎన్నో రెట్ల జనం వచ్చారు. మరుసటి ఏడాదికే దక్షిణాదిలో ఒకటి, ఉత్తరాదిలో ఒకటి లీగ్‌లు మొదలయ్యాయి. 1932లో అవి నేషనల్ లీగ్‌గా కలిసిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి వినోదం కోసం జనం మొహం వాచి ఉన్న రోజుల్లో స్పీడ్‌వే ఉచ్ఛస్థితికి చేరింది. వెంబ్లీ జట్టు 1946 నుంచి 1953 వరకు ఎనిమిది సీజన్లలో ఏడుసార్లు లీగ్ గెలిచింది, ఒక్క 1948 మాత్రం న్యూ క్రాస్‌కు వదిలింది. లీగ్‌లో మూడు డివిజన్లు నడిచాయి. రెండో డివిజన్ జట్టు ఎడిన్‌బరోకు ఆడుతూనే ఆస్ట్రేలియన్ జాక్ యంగ్ 1951లో ప్రపంచ విజేత అయ్యాడు. కింది మెట్టు అంటే తక్కువ రకం కాదని ఆనాడే తేలిపోయింది, కాకపోతే ఆ విషయం పై మెట్టువాళ్లకు గుర్తుండలేదు.

ఆ వైభవం ఎందుకు పోయిందన్నదానికి ఒకే కారణం చెప్పలేం. టికెట్ డబ్బులో సగానికి దగ్గరగా వినోదపు పన్ను కిందనే పోయేది. ఇతర ఆటలకంటే తమ మీదే భారం ఎక్కువగా ఉందని ప్రమోటర్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. ఆ పన్ను 1957లో రద్దయ్యేసరికి చాలా ట్రాకులు మూతపడ్డాయి. టెలివిజన్ ఇళ్లలోకి వచ్చింది. అదే 1957 ఫిబ్రవరిలో వెంబ్లీ అధినేత సర్ ఆర్థర్ ఎల్విన్ మరణించాడు, సీజన్ మొదలుకాకముందే ఆ జట్టు లీగ్ నుంచి తప్పుకుంది. ఒక మనిషి ఇష్టం మీద నడిచిన జట్టు ఆ మనిషితోనే ముగిసింది. ఆ ఏడాది మిగిలిన జట్లన్నీ ఒకే డివిజన్‌లో సర్దుకున్నాయి. ఆ తరువాత వింబుల్డన్ 1958 నుంచి వరుసగా నాలుగేళ్లు గెలిచింది. పైన పోటీ ఎంత పలచబడిందో చెప్పడానికి ఇది కూడా ఒక ఆనవాలే.

ఈ పరిస్థితిలో 1960లో మైక్ పార్కర్, రెజ్ ఫియర్‌మన్ తదితర ప్రమోటర్లు ప్రొవిన్షియల్ లీగ్ పెట్టారు. పది జట్లు చేరాయి. మూతపడ్డ ట్రాకులను తెరిచి, పేరున్న తారలకు పెద్ద మొత్తాలు ఇవ్వకుండా, కొత్తవారితోనూ పై లీగ్‌లో చోటు దక్కనివారితోనూ తక్కువ ఖర్చుతో జట్లు నడపడం వాళ్ల పద్ధతి. తొలి ఏడాది రేలీ, తరువాత రెండేళ్లు పూల్ గెలిచాయి. వాళ్లు తయారు చేసిన రైడర్లలో న్యూజిలాండ్‌కు చెందిన ఐవన్ మాగర్ ఒకడు. 1957లో కుర్రాడిగా వింబుల్డన్‌కు వచ్చి, చోటు కుదరక ఇంటికి వెళ్లిపోయిన ఆ మనిషి, 1963లో న్యూకాసిల్‌కు తిరిగి వచ్చి ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ ప్రొవిన్షియల్ లీగ్ రైడర్ల చాంపియన్‌షిప్ గెలిచాడు. తరువాతి కాలంలో ఆరుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు.

నేషనల్ లీగ్‌లో 1963 నాటికి మిగిలినవి ఏడు జట్లే: బెల్ వ్యూ, కొవెంట్రీ, నార్విచ్, ఆక్స్‌ఫర్డ్, సౌతాంప్టన్, స్విండన్, వింబుల్డన్. సీజన్ నిండాలంటే ఒకే ప్రత్యర్థిని పదేపదే సొంత ట్రాక్‌కు పిలవక తప్పదు. అవే మొహాలను చూడడానికి జనం ఎన్నిసార్లు టికెట్ కొంటారు? ఆ సెప్టెంబరు 20న ఎడిన్‌బరోలో బెల్ వ్యూ జట్టు స్థానిక ప్రొవిన్షియల్ జట్టుతో ఆడిన స్నేహపూర్వక మ్యాచ్‌లో, ముందు పడిపోయిన రైడరును తప్పించబోయి పీటర్ క్రేవెన్ కంచెను ఢీకొన్నాడు. నాలుగు రోజుల తరువాత మరణించాడు. 1955లోనూ 1962లోనూ ప్రపంచ విజేత అయిన ఇంగ్లండ్ రైడరు అతను. సీజన్ చివరన సౌతాంప్టన్ ట్రాక్ మూతపడింది. మిగిలినవి ఆరు.

ఆరు జట్లతో లీగ్ అనిపించుకోవడం కష్టం కాబట్టి కింది లీగ్ విజేత పైకి రావాలన్న మాట బయటికి వచ్చింది. దీన్ని పదోన్నతి సూత్రంగా చెప్పుకున్నారు గానీ, నిజానికి అది అవసరం కొద్దీ వచ్చిన సూత్రమని నాకు అనిపిస్తుంది. ఏడు జట్లు నిలకడగా ఉన్నంతకాలం వుల్వర్‌హాంప్టన్‌ను ఎవరూ పిలవలేదు. అటువైపు నుంచి చూస్తే, పైకి వెళ్లడమంటే పెద్ద రైడర్ల జీతాలు భరించడం, ఇరుగుపొరుగు జట్లతో ఉండే పోటీ పోగొట్టుకోవడం, మునుగుతున్న పడవలోకి కట్టిన డబ్బుతో సహా ఎక్కడం. వుల్వర్‌హాంప్టన్ ఒక్కటే కాదు, ప్రొవిన్షియల్ ప్రమోటర్లంతా ఒకే మాట మీద నిలబడ్డారు. స్పీడ్‌వే కంట్రోల్ బోర్డు వారికి లైసెన్సు ఇవ్వలేదు. 1964లో ప్రొవిన్షియల్ లీగ్ పన్నెండు జట్లతో, అధికారిక గుర్తింపు లేకుండానే నడిచింది. అందులో ఆడినవారికి ప్రపంచ చాంపియన్‌షిప్ తలుపులు మూసేశారు. బెదిరింపు చిన్నది కాదు, అయినా లీగ్ చెదరలేదు. న్యూకాసిల్ విజేత అయింది. నేషనల్ లీగ్ వెస్ట్‌హామ్‌ను తిరిగి తెరిపించి మళ్లీ ఏడు జట్లు చేసుకుంది, ఆక్స్‌ఫర్డ్ గెలిచింది. ఆ సీజన్ ముగియగానే నార్విచ్ ట్రాక్ స్థలం అమ్ముడుపోయి ఆ జట్టు కూడా పోయింది. చర్చల్లో ఎవరి చేయి పైన ఉందో చెప్పడానికి ఈ లెక్క చాలు: ఒకవైపు ఆరు, ఇంకోవైపు పన్నెండు.

విచారణ బాధ్యతను రాయల్ ఆటోమొబైల్ క్లబ్ లార్డ్ షాక్రాస్‌కు అప్పగించింది. న్యూరెంబర్గ్‌లో నాజీ నాయకుల మీద బ్రిటన్ తరఫున వాదించిన ప్రధాన ప్రాసిక్యూటర్ ఆయనే. అంతటి న్యాయవాది మట్టి ట్రాకుల తగవు తీర్చడానికి కూర్చోవడం చూస్తే, ఇరుపక్షాలు ఎంత మొండికేశాయో తెలుస్తుంది. రెండు లీగ్‌లను కలిపేయడమే దారి అని తేలింది. నేషనల్ నుంచి మిగిలిన ఆరు జట్లు, ప్రొవిన్షియల్ నుంచి పన్నెండు. మిడిల్స్‌బరో స్థానంలో హాలిఫాక్స్ వచ్చింది. నిషేధాలు ఎత్తేశారు. ప్రమోటర్ల ఉమ్మడి సంఘం ఏర్పడింది.

అయితే ఆరు జట్లలో తారలు కిక్కిరిసి ఉంటే మిగిలిన పన్నెండూ వాటి చేతిలో ఓడిపోవడానికే పట్టికలో ఉన్నట్లవుతుంది. అందుకని రైడర్ కంట్రోల్ అనే కమిటీ, జట్ల బలాబలాలు చూసి ఎవరు ఎక్కడ ఆడాలో నిర్ణయించే ఏర్పాటు చేశారు. ఈ పద్ధతి రైడర్లకు ఎప్పుడూ రుచించలేదు. ఇల్లు ఒక ఊళ్లో, జట్టు ఇంకో ఊళ్లో అయినవాళ్లు ఉన్నారు. ఎక్సెటర్ నుంచి ఎడిన్‌బరో దాకా పరచుకున్న లీగ్‌లో ఒక్కో జట్టుకు 34 మ్యాచ్‌లు. మోటర్‌వేలు ఇంకా సగం కూడా పడని దేశంలో, కారు వెనుక ఇనుప చట్రానికి బండిని బిగించుకుని, రాత్రి పోటీ ముగించి తెల్లవార్లూ ప్రయాణం చేసి మరునాడు ఇంకో ట్రాక్ ఎక్కేవారు. అయినా ప్రేక్షకుడి వైపు నుంచి చూస్తే, వెస్ట్‌హామ్‌కు మంగళవారం, బెల్ వ్యూకు శనివారం ఇలా జట్టుకో రోజు చొప్పున వారమంతా పోటీలు, ప్రతిసారీ కొత్త ప్రత్యర్థి.

తొలి సీజన్ వెస్ట్‌హామ్‌దే. కెన్ మెకిన్లే నాయకత్వంలో, నార్వే రైడరు స్వెర్రె హార్ఫెల్ట్ అండతో లీగ్‌తో పాటు నాకౌట్ కప్, లండన్ కప్ కూడా గెలుచుకుంది. రైడర్ల చాంపియన్‌షిప్‌ను స్విండన్‌కు చెందిన బారీ బ్రిగ్స్ గెలిచాడు. ఆ తరువాత ఇంకో ఐదేళ్లు దాన్ని ఎవరికీ వదల్లేదు. తొలి విజేత పాత నేషనల్ లీగ్ జట్టే కావడంతో పెద్దలు పెద్దలేనని కొందరు అనుకుని ఉండవచ్చు. మరుసటి ఏడాది హాలిఫాక్స్ గెలిచింది. 1969లో పూల్ గెలిచింది. రెండూ ప్రొవిన్షియల్ వైపు నుంచి వచ్చినవే.

కొత్త ఊళ్లు రావడం ఆగలేదు కాబట్టి 1968లో రెండో డివిజన్ పెట్టారు. ఈసారి మాత్రం కింద గెలిచినవాడు తప్పనిసరిగా పైకి వెళ్లాలన్న నిబంధన జోలికి పోలేదు; మారదలచిన జట్టు తనంతట తాను దరఖాస్తు పెట్టుకునేది. రైడర్ కంట్రోల్ బదులు తరువాతి దశాబ్దాల్లో జట్టులోని రైడర్ల సగటు పాయింట్ల మొత్తానికి పరిమితి వచ్చింది. ఈ సర్దుబాట్లేవీ పరిష్కరించలేని సమస్య స్థలానిది. నార్విచ్ పోయినట్లే వెస్ట్‌హామ్ కూడా పోయింది: 1965 విజేతల కస్టమ్ హౌస్ స్టేడియాన్ని 1972లో కూల్చి ఇళ్లు కట్టారు. అక్కడి వీధులకు ఆ ట్రాక్ మనుషుల పేర్లు పెట్టారు. అట్కిన్సన్ రోడ్, క్రూమ్స్ రోడ్ యుద్ధానికి ముందు ఆ జట్టుకు ఆడిన రైడర్ల పేర్లు. హాస్కిన్స్ క్లోజ్ మైట్‌లాండ్‌లో ఆట మొదలుపెట్టి, 1930లలో వెస్ట్‌హామ్‌ను నడిపిన జానీ హాస్కిన్స్ పేరు.