నడుముకు సూది, నోటికి మాస్కు

కర్నూలు చుట్టుపక్కల ఊళ్లలో సిజేరియన్ అయిన ఆడవాళ్లను కదిలిస్తే, పదేళ్లు గడిచినా "నడుముకు సూది ఏసినకాడ్నుంచి వంగలేకుండా ఉండా" అన్న మాట వినిపిస్తుంది. అంత దీర్ఘకాలపు నొప్పిని ఆ మత్తు సూదికి అంటగట్టడానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. ఆ సూదివల్ల నిజంగా భయపడవలసిన ముప్పు ఒకటుంది, అది చాలా అరుదు గాని ప్రాణాంతకం, దాన్ని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. అది మెదడు పొరలకు సోకే ఇన్ఫెక్షన్, అంటే మెనింజైటిస్.

నడుముకు వేసిన సూదికీ మెదడుకూ సంబంధమేమిటంటే, మెదడు చుట్టూ ఉండే ద్రవమే వెన్నుపాము చుట్టూ కూడా ఉంటుంది. పెద్దవారిలో అది సుమారు 150 మిల్లీలీటర్లు. రోజుకు దాదాపు అర లీటరు కొత్తగా ఊరుతూ, పాతది రక్తంలో కలిసిపోతూ ఉంటుంది. వెన్నుపాము నడుము మొదటి రెండు పూసల దగ్గరే ముగుస్తుంది గనుక, అంతకు దిగువ సందులోంచి సూది దింపితే దానికి గుచ్చుకోదు. చిక్కంతా ఆ ద్రవంతోనే. రక్తంలో మైక్రోలీటరుకు వేలల్లో ఉండే తెల్లకణాలు ఇందులో ఐదుకు మించవు. కావలి లేని బుడ్డల చేనులో అడవి పందులు పడ్డట్టు, అక్కడ చేరిన కొద్దిపాటి క్రిములకు అడ్డు చెప్పేవారుండరు.

ఆ క్రిములు చాలాసార్లు వచ్చేది సూది మీద నుంచి కాదు, సూది వేసేవారి నోటి నుంచి. మన నోళ్లలో ఏ హానీ చేయకుండా బతికే స్ట్రెప్టోకాకస్ సాలివేరియస్ అనే బాక్టీరియా, మాట్లాడేటప్పుడు ఎగిరే తుంపరతో సూది మీదికి చేరగలదు. వెన్నులోకి మందు ఎక్కించేటప్పుడు మాస్కు తప్పనిసరని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2007లోనే చెప్పినా, 2009లో ఒహాయోలో కాన్పు సమయంలో ఇలాంటి మత్తు తీసుకున్న ఇద్దరు తల్లులకు మెనింజైటిస్ సోకి, వారిలో ఒకరు చనిపోయారు. ఇద్దరికీ మత్తు ఇచ్చినది ఒకే డాక్టరు, మాస్కు లేకుండా.

నాకు కర్నూలులో హెర్నియా ఆపరేషన్ జరిగినప్పుడు మత్తు డాక్టరు "వీపు విల్లు మాదిరి వంచన్నా" అని ముందే చెప్పి, మాస్కు ముక్కు మీదికి లాక్కుని, ఆ తర్వాత మాట్లాడలేదు. వీపుకు పూసిన మందు ఆరేదాకా ఊరికే నిలబడ్డారు. జాగు చేస్తున్నారనుకున్నాను గాని, క్రిములను చంపే ఆ క్లోర్‌హెక్సిడిన్ తడిగా లోపలికి పోతే నరాలకే చేటు.

ఒక్కోసారి దోషం మందులోనే ఉంటుంది. 2012లో అమెరికాలో, మసాచుసెట్స్‌లోని ఒక సంస్థ తయారు చేసిన స్టెరాయిడ్ సీసాల్లో మామూలుగా గడ్డిజాతి మొక్కల మీద పెరిగే బూజు చేరింది. నడుము నొప్పికని, కీళ్ల నొప్పికని ఆ సూది వేయించుకున్నవారిలో 753 మందికి ఇన్ఫెక్షన్ సోకిందనీ, 64 మంది చనిపోయారనీ సీడీసీ లెక్క తేల్చింది.

నడుముకు సూది వేశాక వచ్చే తలనొప్పి చాలావరకు సూది గుచ్చిన చోటు నుంచి ఆ ద్రవం కారడం వల్లనే. లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గుతుంది. పడుకున్నా తగ్గకుండా, జ్వరం వచ్చి, మెడ బిగుసుకుని, మాట తడబడితే మాత్రం ఆ పూటే ఆసుపత్రికి పోవాలి. బాక్టీరియా అయితే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లోనే బయటపడుతుంది. ఆ బూజు మాత్రం చాలామందిలో వారాల తర్వాత గాని బయటపడలేదు.