టెండరు తర్వాత అందే ఆహ్వానం: స్మార్ట్ నగరాల్లో యువత పాత్రపై పేచీ ఎక్కడ మొదలైంది

సుస్థిర స్మార్ట్ నగరాల నిర్మాణంలో యువతకు చోటు ఉండాలా వద్దా అన్నది ఇప్పుడు వివాదం కాదు. ఉండాలనే అందరూ అంటున్నారు. ఆ చోటు ఏ దశలో దొరకాలన్న దగ్గరే పేచీ వస్తోంది. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలకు పెట్టుకున్న 2030 గడువు దగ్గరపడుతున్నకొద్దీ నగరాలు తమ వాతావరణ ప్రణాళికలను, డిజిటల్ ప్రణాళికలను తిరగరాసుకుంటున్నాయి. దాంతో పాత ప్రశ్న మళ్ళీ రాజుకుంది. యాప్‌ల పోటీలకు, హ్యాకథాన్లకు (ఒకటి రెండు రోజుల్లో సాఫ్ట్‌వేర్ నమూనాలు తయారుచేసే పోటీలకు) మమ్మల్ని పిలిచేలోగానే ఏ పరికరాలు కొనాలో, ఎవరి దగ్గర కొనాలో, వాటిలో పోగయ్యే సమాచారం ఎవరి సొత్తో తేలిపోతోంది కదా, ఇక మేము పాలుపంచుకున్నది దేనిలో అని యువత అడుగుతోంది.

ఈ చరిత్రను సాధారణంగా పర్యావరణంపై ఐక్యరాజ్యసమితి 1992లో జరిపిన రియో సదస్సుతో మొదలుపెట్టి, నగరాల అభివృద్ధిపై అదే సమితి 2016లో క్విటోలో ఆమోదించిన నూతన పట్టణ అజెండా దాకా చెప్పుకొస్తారు. ఆ పత్రాల్లో యువత గురించి ఉన్నవన్నీ మంచి మాటలే, పాఠకులకు తెలిసినవే. నేటి పేచీ మూలాలు మాత్రం వాటిలో కాక 2008 చివరి మూడు నెలల్లో ఉన్నాయని నా అభిప్రాయం.

ఆ ఏడాది నవంబరు 6న ఐబీఎం అధిపతి శామ్యూల్ పామిసానో న్యూయార్క్‌లోని విదేశీ సంబంధాల మండలి అనే మేధోసంస్థలో ప్రసంగిస్తూ ‘స్మార్టర్ ప్లానెట్’ అనే ఆలోచనను ముందుంచారు. కరెంటు, నీరు, రోడ్డు రద్దీ వంటి వ్యవస్థలన్నిటికీ సెన్సర్లు అమర్చి, వాటిని ఒకదానితో ఒకటి కలిపి, వచ్చే సమాచారాన్ని విశ్లేషిస్తే వృథా తగ్గుతుందన్నది దాని సారాంశం. ఆర్థిక సంక్షోభం ముదిరి, ప్రభుత్వాలు ఉద్దీపన ఖర్చుకు సిద్ధమవుతున్న రోజులవి. మరుసటి ఏడాదికల్లా అదే ఆలోచన నగరాలకు ప్రత్యేకంగా అమ్మకానికి వచ్చింది. 2010 చివరికి రియో డి జనీరోలో అదే సంస్థ తోడ్పాటుతో పెద్ద నియంత్రణ కేంద్రం వెలిసింది.

సరిగ్గా ఆ వారాల్లోనే వాషింగ్టన్ నగర ప్రభుత్వం, అప్పటి సాంకేతిక విభాగాధిపతి వివేక్ కుంద్రా ఆధ్వర్యంలో, ‘యాప్స్ ఫర్ డెమొక్రసీ’ అనే పోటీ పెట్టింది. నగరం తన దగ్గరున్న సమాచారాన్ని బయటపెట్టింది. 50,000 డాలర్ల ఖర్చుతో 30 రోజుల్లో 47 యాప్‌లు చేతికొచ్చాయి. ఆ లెక్క చూసి ముచ్చటపడని అధికారి లేడేమో. న్యూయార్క్ మరుసటి ఏడాదే అలాంటి పోటీ పెట్టింది, ఆ తర్వాత ఎన్నో నగరాలు అదే బాట పట్టాయి.

ఈ రెండు ఘటనలను విడివిడిగా చూస్తే రెండూ మంచి ఉద్దేశంతో జరిగినవే. పక్కపక్కన పెట్టి చూసినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. మొదటిది నగరాన్ని కొనుగోలుదారుగా మార్చింది, రెండోది యువతను పోటీదారుగా మార్చింది. అమ్మేవాళ్ళతో ఏళ్ళ తరబడి సాగే ఒప్పందాలు. యువతతో ఒక నెల, ఒక బహుమతి. ఇద్దరూ ఒకే నగరం కోసం పనిచేస్తున్నా ఒకే బల్ల దగ్గర కూర్చునే అవసరం లేకుండా పోయింది.

అంతకు ముందు యువతను అడిగిన ప్రశ్నలు వేరు. 1970లలో పట్టణ ప్రణాళికావేత్త కెవిన్ లించ్ యునెస్కో తరఫున అర్జెంటీనా, ఆస్ట్రేలియా, మెక్సికో, పోలండ్ దేశాల్లో ఒక అధ్యయనం నడిపించారు. కౌమారంలోకి అడుగుపెడుతున్న పిల్లల చేతికి కాగితం ఇచ్చి, మీరుండే చోటు పటం గీయండి, మీకు ఇష్టమైన చోట్లు చూపించండి, ఎక్కడికి వెళ్ళనివ్వరో చెప్పండి అని అడిగారు. పిల్లలు చెట్ల గురించి, ఆడుకునే వీధి గురించి, స్నేహితులను కలుసుకునే మూల గురించి చెప్పారు. 1992లో రోజర్ హార్ట్ యునిసెఫ్ కోసం రాసిన వ్యాసంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపారు. కింది మూడు మెట్లు, అంటే పిల్లల్ని వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, మొక్కుబడిగా పిలవడం, అసలు భాగస్వామ్యమే కాదన్నారు. ఆనాటి ఆలోచనంతా ఒక స్థలం చుట్టూ తిరిగింది. ఆ స్థలంలో బతికే పిల్లవాడికి దాని గురించి పెద్దల కంటే ఎక్కువ తెలిసే అవకాశం ఉందని వాళ్ళు నమ్మారు.

స్థలం పోయి వ్యవస్థ వచ్చాక ఏం మారిందో ఒక్క వీధిదీపం చూస్తే చాలు. పాత దీపం తీసి ఎల్ఈడీ దీపం పెడితే కరెంటు ఆదా అవుతుంది, సుస్థిరత దృష్ట్యా అది నిజమైన మేలు. అదే స్తంభానికి కెమెరా, గాలి నాణ్యతను కొలిచే సెన్సర్ కూడా తగిలించవచ్చు. ఆ కెమెరా ఏం చూస్తుంది, చూసినదాన్ని ఎన్ని రోజులు దాస్తారు, ఎవరికి ఇస్తారు, ఇంకో కంపెనీ యంత్రం దాన్ని చదవగలదా అన్నవి ఒప్పందంలో రాసుకునే విషయాలు. అమెరికాలోని శాన్ డియాగో నగరం 2016లో ఆమోదించిన పథకం కింద మూడు వేలకు పైగా దీపాలకు ఇలాంటి పరికరాలు అమర్చారు. కరెంటు ఆదా, వాహనాల రద్దీ అంచనా, పార్కింగ్ సౌకర్యం అంటూ వాటిని జనానికి పరిచయం చేశారు. 2018 నుంచి ఆ కెమెరాల దృశ్యాలను నేర పరిశోధనలో పోలీసులు వాడుతున్న సంగతి మరుసటి ఏడాది జనంలోకి వచ్చింది, పౌర బృందాలు ఏకమై ఉద్యమించాయి, 2020 సెప్టెంబరులో మేయర్ కెమెరాలను ఆపించారు. పరికరాలు అమర్చాక అడిగే ప్రశ్నలు అప్పటికే ఖర్చైన డబ్బును దాటి రావాలి. కొనకముందు అడిగి ఉంటే అదే ప్రశ్నకు ఒక పేరా సవరణ సరిపోయేది.

యువతను పిలవలేదన్నదే లోపమైతే టొరంటో కథ సుఖాంతం కావలసింది. 2017 అక్టోబరులో గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు చెందిన సైడ్‌వాక్ ల్యాబ్స్, అక్కడి సరస్సు ఒడ్డున క్వేసైడ్ అనే 12 ఎకరాల స్థలంలో కొత్త తరహా పేట కడతామని ముందుకొచ్చింది. కలపతో కట్టే ఎత్తైన భవనాలు, మంచు కరిగించే కాలిబాటలు, భూగర్భంలో సరుకు చేరవేసే రోబోలు, అన్నిటినీ కలిపే సెన్సర్లు ఆ కలలో భాగం. 19 నుంచి 24 ఏళ్ళ వయసున్న పన్నెండు మంది స్థానికులను ఫెలోలుగా ఎంచుకుని, ఇతర నగరాలకు తీసుకెళ్ళి నీటి ఒడ్డు ప్రాంతాలను ఎలా తీర్చిదిద్దారో చూపించారు. వాళ్ళు తిరిగొచ్చి సిఫారసులతో నివేదిక రాశారు. ఆ యువకుల శ్రమను తక్కువ చేయడం ఈ కథనం ఉద్దేశం కాదు. హార్ట్ నిచ్చెన మీద పెట్టినా అది అడుగు మెట్టేమీ కాదు.

అయితే సిఫారసు చేసే అవకాశమే తప్ప నిర్ణయించే అధికారం వారికి లేదు. పథకాన్ని చివరికి ముంచిన తుఫాను కూడా వాళ్ళ నివేదిక చుట్టూ రేగలేదు, సమాచారం ఎవరిదన్న ప్రశ్న చుట్టూ రేగింది. సమాచారం సేకరించే చోటే వ్యక్తుల ఆనవాళ్ళను చెరిపేయాలన్న నిబంధన ఇతర సంస్థలకు తప్పనిసరి కాదని తెలియడంతో, ఆంటారియో రాష్ట్ర మాజీ గోప్యతా కమిషనర్ ఆన్ కవూకియన్ 2018 అక్టోబరులో సైడ్‌వాక్ ల్యాబ్స్ సలహాదారు పదవి వదులుకున్నారు. 2019 ఏప్రిల్‌లో కెనడా పౌరహక్కుల సంఘం కోర్టుకెక్కింది. ఆ జూన్‌లో 1,500 పేజీలు దాటిన బృహత్ ప్రణాళిక వెలువడింది. 2020 మేలో, ఆర్థిక అనిశ్చితిని కారణంగా చూపి కంపెనీ తప్పుకుంది. పన్నెండు మందితో ఎంత శ్రద్ధగా మాట్లాడినా, మాట్లాడకూడని అంశం ఒకటి బల్ల కింద ఉండిపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనబడలేదు. అదే స్థలానికి 2022లో ఎంపికైన కొత్త ప్రణాళికలో ముందు వరసలో నిలిచింది రెండు ఎకరాల చిట్టడవి. లించ్ అడిగిన పిల్లలు చెట్ల గురించి కూడా చెప్పారన్నది ఇక్కడ గుర్తుకు రాక మానదు.

దీనికి భిన్నమైన దారి టొరంటో కంటే ముందే మొదలైంది. 2014లో బోస్టన్ నగరం తన మూలధన బడ్జెట్ నుంచి పది లక్షల డాలర్లు పక్కన పెట్టి, 12 నుంచి 25 ఏళ్ళ వాళ్ళే దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో తేల్చాలంది. ఓటు హక్కు వయసు రాని పన్నెండేళ్ళ పిల్లలకు ప్రజాధనం మీద ఓటు ఇచ్చారు. ఆలోచనలు సేకరించారు, యువ ప్రతినిధులు నగర శాఖల సిబ్బందితో కూర్చుని ఏది ఎంతలో అవుతుందో లెక్కలు వేశారు, 1,500 మందికి పైగా ఓటు వేశారు. ఆట స్థలాల బాగుచేత, బొమ్మలు గీసుకునే గోడలు, మూడు ఉన్నత పాఠశాలలకు ల్యాప్‌టాప్‌లు, స్కేటింగ్ పార్కు సాధ్యాసాధ్యాల పరిశీలన వంటివి గెలిచాయి. ఒక పార్కులో భద్రతా కెమెరాలు కూడా గెలిచాయి. నిఘా అంటే సహజంగానే వెనకాడే నాలాంటివాళ్ళకు ఆ ఎంపిక రుచించకపోవచ్చు, కానీ ఎక్కడ పెట్టాలో, ఎంత ఖర్చవుతుందో తెలిసి, బహిరంగంగా ఓటు వేసి పెట్టుకున్న కెమెరా వేరు, దీపం వెనక దాగి వచ్చిన కెమెరా వేరు.

బార్సిలోనాలో 2017లో జరిగినది ఇంకో కోణం చూపిస్తుంది. ప్లాసా దెల్ సోల్ అనే కూడలి చుట్టుపక్కల నివాసులు రాత్రిపూట గోల భరించలేక, స్థానిక ఫ్యాబ్ ల్యాబ్ (డిజిటల్ పరికరాలు తయారుచేసుకునే ఉమ్మడి కార్యశాల) తయారుచేసిన సెన్సర్లను తమ బాల్కనీల్లో పెట్టుకుని శబ్దాన్ని కొలిచారు, ఆ లెక్కలతో నగర సంస్థను కదిలించారు. జనం కూర్చునే మెట్ల మీదికి పూలకుండీలు వచ్చాయి. పౌరులే సెన్సర్ పట్టుకోవడం నిజంగా గొప్ప ముందడుగే. అయినా బాల్కనీ ఉన్నవాళ్ళ చేతిలో కొలమానం ఉంది, మెట్ల మీద కూర్చునేవాళ్ళు ఆ కొలతలో శబ్దంగా మాత్రమే నమోదయ్యారు. రాత్రిళ్ళు చేరడానికి మరో చోటు లేనివాళ్ళ లెక్క ఏ సెన్సర్‌లోనూ పడలేదు.

అధికారుల వాదననూ చెప్పాలి. టెండరు వివరాలు ముందే బయటపడితే పోటీ దెబ్బతింటుందని, మైనర్లకు చట్టపరమైన బాధ్యత అప్పగించలేమని, సాంకేతిక పత్రాలు చదవడానికి అనుభవం కావాలని వారంటారు. మొదటి అభ్యంతరంలో బలం ఉంది, అయితే అది ధరలకు వర్తిస్తుంది. ఏ సమాచారం సేకరించాలి, ఎంతకాలం ఉంచాలి అన్న షరతులను టెండరుకు ముందే చర్చకు పెడితే ఏ కంపెనీకీ అన్యాయం జరగదు. యువత కోరుతున్నదీ ప్రధానంగా అదే.

వారు చెప్పే నాలుగో అభ్యంతరం, యువజన ప్రతినిధులు రెండేళ్ళకోసారి మారిపోతారు, నగర నిర్మాణం దీర్ఘకాలిక వ్యవహారం అన్నది, ఎక్కువగా వినిపిస్తుంది. 2008 డిసెంబరులో, అంటే పైన చెప్పిన ఆ మూడు నెలల్లోనే, షికాగో నగర మండలి సుమారు 36,000 పార్కింగ్ మీటర్లను 75 ఏళ్ళకు ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించింది. ఒప్పందం సభ్యుల ముందుకొచ్చిన కొద్ది రోజులకే 40 మంది అనుకూలంగా, అయిదుగురు వ్యతిరేకంగా ఓటు వేశారు. ఇప్పుడు అక్కడ సైకిల్ దారి కోసమో బస్సు దారి కోసమో మీటరున్న చోటు తొలగించాలంటే ఆ సంస్థకు కలిగే నష్టాన్ని నగరం లెక్కగట్టాల్సి వస్తోంది. ఒప్పందం 2083 దాకా నడుస్తుంది. ఆ ఓటింగ్ జరిగిన ఏడాది పుట్టిన పిల్లలకు అప్పటికి డెబ్బై అయిదేళ్ళు వస్తాయి.