ఇంగ్లీషు వాతావరణంలో పడేస్తే భాష దానంతటదే వస్తుందా?

స్పోకెన్ ఇంగ్లీషు నేర్పడం నా వృత్తి. "మేడమ్, మావాణ్ణి తెలుగు వినపడని చోట వెయ్యాలనుకుంటున్నాం, ఇంగ్లీషు అదే పట్టుబడుతుంది కదా" అని అడిగే తల్లిదండ్రులు చాలామంది. వాళ్ల ఆశ న్యాయమైనదే. దారి మాత్రం అది కాదు.

అపోహ: చుట్టూ ఇంగ్లీషు ఉంటే చాలు.

వాస్తవం: చెవిన పడ్డది అర్థం కావాలి. ఇంగ్లీషు రాని చైనీస్ పిల్లలు దాదాపు 1,800 మందిని శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో అదనపు సాయమేమీ లేకుండా అందరితో పాటే కూర్చోబెట్టారు. అందరికీ ఒకే పుస్తకాలు, ఒకే టీచర్లు ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని 1974లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అందుకే కొత్తగా మొదలుపెట్టినవాళ్లను ఇంగ్లీషు న్యూస్ ఛానెల్ ముందు కూర్చోమనను. వంట వీడియోలు చూడమంటాను, నోరు చెప్పేది చెయ్యి చూపిస్తుంది కాబట్టి. ఆట తెలిసినవాళ్లకైతే క్రికెట్ కామెంటరీ ఇంకా మంచిది.

అపోహ: తెలుగు మానేస్తేనే ఇంగ్లీషు వస్తుంది.

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధపెట్టే నమ్మకం ఇది. తెలుగులో మాట్లాడితే ఫైన్ వేసే బడులు ఇప్పటికీ ఉన్నాయి. పాఠాలే కొత్త భాషలో చెప్పి ఆ భాష నేర్పే పద్ధతిని ఇమ్మర్షన్ అంటారు. దానికి పేరు తెచ్చిన ప్రయోగం కెనడాలో మాంట్రియల్ పక్కనున్న సెయింట్ లాంబర్ట్‌లో 1965లో మొదలైంది. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకు ఫ్రెంచిలో చదువు చెప్పారు. అక్కడ కూడా మొదట్లో పిల్లలు ఇంగ్లీషులోనే అడిగేవారు. టీచరుకు రెండు భాషలూ వచ్చు, విని ఫ్రెంచిలో జవాబిచ్చేది. ఎవరినీ శిక్షించలేదు. కొన్నేళ్ల తర్వాత ఇంగ్లీషు చదవడం, రాయడం కూడా నేర్పారు. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా వచ్చిన పాఠ్యపుస్తకాలు నాకు అందుకే నచ్చాయి. తెలుగులో అర్థమైన పాఠం ఇంగ్లీషు పేజీని సగం తేలిక చేస్తుంది.

అపోహ: వింటూ ఉంటే మాటలు అవే వస్తాయి.

వాస్తవం: కెనడా ఇమ్మర్షన్ పిల్లలు ఏళ్ల తరబడి ఫ్రెంచి విన్నారు, బాగా అర్థం చేసుకున్నారు. అయినా మాట్లాడేటప్పుడూ రాసేటప్పుడూ వ్యాకరణ దోషాలు పోలేదు. సొంతంగా మాట కూర్చుకునే అవసరం పడాలని పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ 1985లో వాదించారు. నా క్లాసులోనూ అదే చూస్తాను. "నిన్న రాలేదా?" అంటే మనం "అవును, రాలేదు" అంటాం. ఆ అలవాటుతోనే "యెస్, ఐ డిడ్ నాట్ కమ్" వస్తుంది. ఇంగ్లీషులో అక్కడ "నో" అనాలి. ఎంత విన్నా ఇది దానంతటది సర్దుకోదు, ఎవరో ఒకరు ఆపి చెప్పాలి. విన్న కథను వెంటనే తిరిగి చెప్పించడం నేను రోజూ చేయించే పని.

అపోహ: అమెరికా వెళ్తే అదే వస్తుంది.

వాస్తవం: డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు ఇరుగుపొరుగు, తెలుగు టీవీ, తెలుగు గుడి మధ్య పదేళ్లున్నా ఇంగ్లీషు అవసరం పడని పెద్దలున్నారు. మాట్లాడక తప్పని పని ఒకటి కావాలి. వయసు అడ్డం కాదు. యాస చిన్నప్పుడు తేలిగ్గా పట్టుబడుతుంది, నిజమే. వ్యాకరణం మాత్రం మొదట్లో పెద్దవాళ్లే త్వరగా అందుకుంటారు.

అపోహ: పిల్లాడు గలగలా మాట్లాడుతున్నాడు, ఇక చదువుకు ఢోకా లేదు.

వాస్తవం: ఆటల్లో మాట్లాడే భాషకు సుమారు రెండేళ్లు, పాఠాల భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ అధ్యయనాలు చెబుతున్నాయి. సైన్సు పాఠం అయ్యాక మీ పిల్లల్ని అదేమిటో తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే ట్యూషన్ మార్చకండి, ముందు ఆ పాఠాన్ని తెలుగులో కూర్చుని మాట్లాడుకోండి.