డబ్బా మీద రాసిన 100 కిలోలు మీ కారు టాప్‌వి కావు: క్యారియర్ గురించి అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం ఒకాయన డిక్కీ కారు (సెడాన్) తెచ్చి షాపు ముందు ఆపారు. దిగగానే ఫోన్‌లో ఒక క్యారియర్ ఫొటో చూపించి, "అన్నా, దీని మీద 100 కిలోలని రాసుంది. రెండు బస్తాల బియ్యం, ఇంత పెళ్లి సామాను వేసుకోవచ్చు కదా?" అన్నారు. తిరుపతిలో పదహారేళ్లుగా కార్లకు క్యారియర్లు బిగిస్తున్నాను. ఈ ప్రశ్న వినని వారం లేదు. అందుకే ఈసారి కూర్చుని వివరంగా రాస్తున్నాను.

అపోహ: డబ్బా మీద ఎన్ని కిలోలు రాసుంటే అన్ని కిలోలు వేయొచ్చు.

వేయకూడదు. ఆ 100 కిలోలు క్యారియర్ కడ్డీల లెక్క. కడ్డీ వంగకుండా అంత మోస్తుందని దాని అర్థం. కింద ఉన్న మీ కారు టాప్ ఎంత మోస్తుందన్నది వేరే లెక్క. అది గ్లవ్ బాక్సులో కవరైనా విప్పకుండా పడి ఉన్న మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది. 'రూఫ్ లోడ్' అనే మాట కోసం వెతకండి. సెడాన్లకు మామూలుగా 50 నుంచి 75 కిలోల మధ్య ఉంటుంది. మీ కారుకు క్యారియర్ వద్దని కంపెనీ రాసి ఉంటే ఇక చర్చే లేదు, నేను బిగించను. కడ్డీల లెక్క, టాప్ లెక్క, రెండింట్లో ఏది తక్కువైతే అదే మీ హద్దు.

అందులోనూ క్యారియర్ సొంత బరువు తీసేయాలి. దీన్ని దాదాపు అందరూ మరిచిపోతారు. కారు టాప్ లెక్క 50 కిలోలు అనుకోండి. రెండు కడ్డీలు, నాలుగు కాళ్లు కలిపి 6 కిలోలు. దాని మీద ఇనుప బుట్ట పెడితే ఇంకో 14 కిలోలు. మిగిలింది 30. విమానంలో చెక్-ఇన్‌లో ఇచ్చే 15 కిలోల సూట్‌కేసులు రెండు వేస్తే అయిపోయింది. బియ్యం బస్తాకు చోటు ఎక్కడిది?

కొన్నేళ్ల కింద మామిడి సీజన్‌లో ఒక కుటుంబం దామలచెరువు మండీ నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చింది. టాప్ మీద ఆరు క్రేట్ల కాయలు. క్రేటు ఇరవై కిలోలే అనుకున్నా 120 కిలోలు. క్యారియర్ నేను బిగించిందే. కాయలు దించి, కాళ్లు విప్పి చూస్తే నాలుగు చోట్లా అరచేయంత మేర రేకు లోపలికి దిగిపోయి ఉంది. వెనక డోరు వేసి చూశాను. ఫ్రేముకీ బీడింగ్‌కీ (డోరు అంచున ఉండే రబ్బరు పట్టీకీ) మధ్య నా చిటికెనవేలి గోరు దూరేంత సందు. ఆ సందులోంచి వాన నీళ్లు దిగి సీటు తడిసింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. పక్కన నిలబడిన ఆయన భార్య మాత్రం, "మీరు బిగించేటప్పుడు చెప్పి ఉండొచ్చు కదన్నా" అంది. నిజమే, నేను చెప్పలేదు. ఎంత బరువు వేస్తారని అడగనే లేదు. ఆ రోజు నుంచి మాన్యువల్‌లో ఆ పేజీ చూడకుండా నట్టు మీద పాన పెట్టలేదు. డెంటింగ్, పెయింటింగ్ కలిపి వాళ్లకు పడిన ఖర్చు క్యారియర్ ఖరీదుకు రెండింతలు దాటింది.

"మా కారు టాప్ మీద ఇద్దరు మనుషులు ఎక్కి నిలబడినా ఏమీ కాలేదు" అని వాదించేవాళ్లు ఉన్నారు. అది ఆగి ఉన్న కారు. కదిలే కారు సంగతి వేరు. గట్టిగా సడన్ బ్రేక్ కొడితే పైన ఉన్న 50 కిలోలు ఇంచుమించు 40 కిలోల బలంతో ముందుకు లాగుతాయి. గుంతలో పడితే ఆ బరువంతా ఎగిరి మళ్లీ టాప్ మీదే పడుతుంది. మిల్లీమీటరు కూడా మందం లేని రేకు అది. గాలి సంగతి చెప్పాలంటే, 40లో వెళ్లేటప్పుడు సామాను మీద పడే గాలి తోపుడు 80లో రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. ఇక మన వైపు ఘాట్లు. భాకరాపేట ఘాట్‌లో మలుపు తిరిగేటప్పుడు పైన బరువుంటే కారు పక్కకు ఎలా ఒరుగుతుందో ఒక్కసారి చూసినవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. మొగిలి ఘాట్ దిగేటప్పుడూ అంతే. బరువైనవి డిక్కీలోకి, తేలికైనవి, గదంతా ఆక్రమించే పరుపులూ దిండ్లూ పైకి. రోజుకు నాలుగుసార్లు నేను చెప్పే మాట ఇదే.

తిరుమల వెళ్లేవాళ్లకు ఇంకో మాట. అలిపిరి దగ్గర సామానంతా దించి స్కానింగ్‌లో పెట్టాలి. పట్ట కప్పి తాళ్లతో గట్టిగా కట్టిందంతా అక్కడ విప్పి, మళ్లీ కట్టుకోవాలి. పిల్లలతో, పెద్దవాళ్లతో తెల్లవారుజామున ఆ అవస్థ పడొద్దు. కొండకు అవసరమైన ఒక్క సంచి డిక్కీలో పెట్టుకుని, మిగతాది కింద రూములోనే వదిలి వెళ్లండి. దిగేది మొదటి ఘాట్ రోడ్డు. 1944లో తెరిచిన దారి, వరసగా హెయిర్‌పిన్ మలుపులు. అక్కడ పైన బరువు లేకపోవడమే మేలు.

అపోహ: అంబాసిడర్‌కు బిగించినట్టే ఏ కారుకైనా బిగించొచ్చు.

అంబాసిడర్‌కు, ప్రీమియర్ పద్మినికి టాప్ అంచున వాన నీళ్ల గట్టర్ ఉండేది. క్యారియర్ కాళ్లు దాన్ని పట్టుకుని నిలబడేవి. ఇప్పటి సెడాన్లకు గట్టర్ లేదు, పైన రెయిలింగ్ కూడా ఉండదు. కాలు టాప్ మీద కూర్చుంటుంది, దాని కొక్కెం డోరు ఫ్రేము లోపలి అంచును పట్టుకుంటుంది. ఆ కొక్కెం వంపు మోడల్‌ను బట్టి మారుతుంది. అందుకే మీ కారు మోడల్, సంవత్సరం చెప్పి దానికి సరిపోయే కిట్ కొనండి. 'యూనివర్సల్' అని రాసుంటే నేను వెనక్కి పంపిస్తాను. సెడాన్ టాప్ పొట్టిది, వెనక్కి వాలి ఉంటుంది. రెండు కడ్డీల మధ్య ఎంత దూరం ఉండాలో కిట్ కాగితంలో ఉంటుంది, టేపుతో కొలిచి మరీ పెట్టాలి. పొడవాటి బాక్సు పెట్టేవాళ్లు ముందు డిక్కీ మూత పూర్తిగా లేపి, తగులుతుందేమో చూసుకోవాలి. పైకి లేచే సన్‌రూఫ్ ఉంటే అది కూడా.

టాప్‌కు రంధ్రం వేసి బోల్టు బిగిస్తే గట్టిగా ఉంటుందని ఎవరైనా చెబితే, దయచేసి కారు తీసుకుని వచ్చేయండి. నీళ్లు కారతాయి, తుప్పు పడుతుంది. టాప్ అంచు వెంబడి లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (ప్రమాదంలో కిటికీల మీదకు పరదాలా దిగే గాలి సంచి) ఉన్న కార్లలో అది ప్రాణాలతో చెలగాటం.

మైలేజీ తగ్గదన్నదీ తప్పే. పెద్ద బాక్సు పెడితే హైవే మీద 6 నుంచి 17 శాతం దాకా తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. పనైపోగానే విప్పి ఇంట్లో పెట్టుకోండి, అరగంట పని. చట్టం సంగతి: సామాను పక్కలకు గానీ, ముందుకు గానీ, వెనక్కి గానీ హద్దు దాటి పొడుచుకొస్తే మోటారు వాహనాల చట్టం 194(1ఎ) కింద 20,000 రూపాయల జరిమానా. 2017లో వచ్చిన ఆదేశం బుల్ బార్ల (బంపర్ ముందు బిగించే ఇనుప కడ్డీల) గురించి, దాన్ని క్యారియర్‌కు అంటగట్టి భయపెట్టేవాళ్ల మాటలు పట్టించుకోకండి. పెయింట్ పోతుందని దిగులా? గీతలు పడేది క్యారియర్ కాళ్ల కింది రబ్బరు వల్ల కాదు, దాని కింద చిక్కిన దుమ్ము వల్ల. ఆ చోటు షాంపూతో కడిగి, ఆరాకే బిగించాలి. కట్టడానికి కొక్కేల రబ్బరు తాడు వద్దు, మీట ఆడించి బిగించే ర్యాచెట్ బెల్టులు వాడండి. యాభై కిలోమీటర్లు పోయాక ఒకసారి ఆగి నట్లు చూసుకోండి.

పోయిన నెలలో ఒకమ్మ కొడుకును బెంగళూరులో ఉద్యోగంలో చేర్చడానికి పరుపు కట్టించుకుని బయల్దేరింది. పలమనేరు దాటకముందే ఫోన్. "అన్నా, పైన ఊ అని ఒకటే మోత. ఊడిపోతుందేమోనని చేతులు వణుకుతున్నాయి." కారు పక్కకు తీసి ఆపమన్నాను. కడ్డీ పట్టుకుని గట్టిగా ఊపమన్నాను. కారంతా ఊగుతోంది కానీ కడ్డీ కదల్లేదంది. అయితే మోత బెల్టుది. సాఫీగా సాగి ఉన్న బెల్టు గాలికి అలాగే మోగుతుంది. బెల్టు విప్పి, రెండు మెలికలు తిప్పి మళ్లీ బిగించమన్నాను. పావుగంట తర్వాత మళ్లీ ఫోన్ చేసింది. మోత ఆగిందట, పిల్లవాడు వెనక సీట్లో నిద్రపోయాడట.