స్విచ్ అలర్ట్‌లు: 80 శాతం గీత చుట్టూ ఉన్న అపోహలు - వాస్తవాలు

కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్ గురించి రాత్రి 2 గంటలకు అలర్ట్ మోగుతుంది, లేచి చూస్తే ఏమీ ఉండదు. పొద్దున నెట్‌వర్క్ నిజంగా మొరాయిస్తుంది, మానిటరింగ్ తెర మాత్రం పచ్చగానే ఉంటుంది. రెండింటికీ కారణం చాలాసార్లు ఒకటే: పోర్ట్ (స్విచ్‌లో కేబుల్ గుచ్చే చోటు) చేసే పని చూడకుండా పెట్టిన థ్రెషోల్డ్, అంటే దాటితే అలర్ట్ మోగే గీత.

అపోహ: వాడకం 80 శాతం దాటితే అలర్ట్ అని అన్ని పోర్టులకూ పెట్టేస్తే సరిపోతుంది.

వాస్తవం: అది ఎంతసేపటి సగటో ముందు చూడాలి. 5 నిమిషాలకోసారి పోలింగ్ (మానిటరింగ్ సిస్టమ్ స్విచ్‌ను అడిగి లెక్కలు తెచ్చుకోవడం) జరుగుతోందనుకోండి. 1 గిగాబిట్ పోర్ట్ 15 సెకన్లు పూర్తిగా నిండి, మిగతా సమయం ఖాళీగా ఉంటే సగటు 5 శాతమే. ఆ 15 సెకన్లలో బఫర్ (డేటా కాసేపు ఆగే చోటు) నిండి ప్యాకెట్లు (డేటా ముక్కలు) పోతాయి, కాల్‌లో ఉన్నవాళ్లకు మాట తెగిపోతుంది. గ్రాఫ్ మాత్రం 80 దరిదాపులకు కూడా రాదు. అందుకే నేను వాడకం శాతం కన్నా ముందు ఔట్‌పుట్ డిస్కార్డ్‌లు, అంటే పోర్ట్ బయటికి పంపలేక పారేసిన ప్యాకెట్ల లెక్క, చూస్తాను. వాడుకరి అసలు నష్టపోయాడో లేదో చెప్పేది అవే.

పోర్ట్‌ను బట్టి అంకె కూడా మారాలి. బ్యాకప్ సర్వర్ పోర్ట్ రాత్రి 95 శాతం నడిస్తే అది దాని పని, దానికి ఎవరినీ నిద్ర లేపక్కర్లేదు. అదే ఒకదానికొకటి ఆసరాగా పెట్టిన రెండు సమాన అప్‌లింక్‌లైతే (స్విచ్‌ను మిగతా నెట్‌వర్క్‌కు కలిపే లింక్‌లు), రెండూ 50 శాతం దాటిన రోజే ప్రమాదం మొదలైనట్టు. ఒకటి తెగితే రెండోది ఆ మొత్తం బరువు మోయలేదు. 80 దాకా ఆగితే ఆ సంగతి లింక్ తెగాకే తెలుస్తుంది.

అపోహ: ఎర్రర్లు 1000 దాటితే అలర్ట్ ఇస్తే చాలు.

వాస్తవం: ఎర్రర్లను లెక్కపెట్టే కౌంటర్ పెరుగుతూనే పోతుంది. ఏడాదిగా ఆగకుండా నడుస్తున్న స్విచ్‌లో 1000 పెద్ద లెక్క కాకపోవచ్చు. ఈ పూట కొత్తగా 50 సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో డేటా చెడిపోయిందని చెప్పేవి) వచ్చాయంటే మాత్రం కేబుల్, ఆప్టిక్ మాడ్యూల్ (ఫైబర్ కేబుల్ తగిలించే భాగం), డ్యూప్లెక్స్ సెట్టింగ్ (ఒకేసారి పంపడం, అందుకోవడం రెండూ జరగాలా అన్నది) చూడాల్సిందే. గత పోలింగ్‌కూ ఇప్పటికీ మధ్య తేడా మీదే గీత గీయండి.

అపోహ: అలర్ట్‌కి ఒక్క గీత చాలు.

వాస్తవం: 79, 81 శాతం మధ్య ఊగే పోర్ట్ గంటలో పదిసార్లు టెన్షన్ పెడుతుంది. పది రోజులు అలా సాగితే ఎవరూ ఆ మెసేజ్ తెరవరు, అసలు ప్రమాదం కూడా ఆ గుంపులోనే కలిసిపోతుంది. 1991లో వచ్చిన ఆర్‌మాన్ (RMON) అనే నెట్‌వర్క్ మానిటరింగ్ ప్రమాణంలోనే దీనికి మందుంది: ఎక్కే గీత ఒకటి, దిగే గీత ఒకటి. 80 దాటితే మోగుతుంది, 65కి దిగాకే మళ్లీ మోగడానికి సిద్ధమవుతుంది.

అపోహ: కౌంటర్ అంకె ఎప్పుడూ నిజమే.

వాస్తవం: పోర్ట్ గుండా పోయిన బైట్లను లెక్కపెట్టే 32 బిట్ల కౌంటర్ 1 గిగాబిట్ పూర్తి వేగంలో సుమారు 34 సెకన్లకే నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 5 నిమిషాల పోలింగ్‌లో అలా ఎన్నిసార్లు తిరిగిందో తెలియదు. 64 బిట్ల కౌంటర్లే వాడండి.

అపోహ: ట్రాప్‌లు (స్విచ్ తనంతట తానే పంపే హెచ్చరికలు) వస్తున్నాయి కదా, పోలింగ్ ఎందుకు?

వాస్తవం: ట్రాప్ యూడీపీ మీద వస్తుంది, అది డేటా చేరిందో లేదో చూసుకోని పద్ధతి. దారిలో పోతే పోయినట్టే, స్విచ్ మళ్లీ పంపదు. ఇన్‌ఫార్మ్ అనే ఇంకో రకం హెచ్చరిక అయితే అవతలి నుంచి జవాబు వచ్చిందో లేదో చూసుకుంటుంది. కానీ కరెంటు పోయి చప్పున ఆగిపోయిన స్విచ్ చాలాసార్లు ఏదీ పంపలేకపోతుంది, అది పోయిందని పోలింగ్‌కు జవాబు రానప్పుడే తెలుస్తుంది.