“పిల్లలకేం రంది?”: టీనేజ్ డిప్రెషన్‌పై అపోహలు - వాస్తవాలు

దేవరకొండ వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టర్‌గా పనిచేస్తున్నాను. టీనేజ్ పిల్లల డిప్రెషన్ గురించి ఓపీలో తరచూ వినే మాటలకు నా జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: “ఈ వయసులో పిల్లలకేం రంది ఉంటది? తినుడు, చదువుడే కదా!”

వాస్తవం: 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. అయితే డిప్రెషన్ ఉన్న పిల్లలు “మనసు బాగాలేదు” అంటూ రావడం అరుదు. తలనొప్పి, కడుపునొప్పి, నీరసం అంటూ వస్తారు. నీరసమంటే గ్లూకోజ్ ఎక్కించి పంపేస్తారు. పెద్దవాళ్లలో దిగులు కనిపిస్తే, వీళ్లలో చాలాసార్లు చిరాకు, కోపం కనిపిస్తాయి. “మాట వింటలేడు, మొండికేస్తుండు” అని ఇంట్లో తిట్లు పడతాయి.

పాలమూరు, దేవరకొండ తండాల నుంచి తల్లిదండ్రులు వలస పోతే పిల్లలు నాయనమ్మ దగ్గరో, హాస్టల్‌లోనో ఉంటారు. అక్కడ మార్పును కనిపెట్టాల్సింది ఆ ముసలవ్వ లేదా వార్డెన్. నిద్ర, ఆకలి చెడి, ఇష్టమైన ఆట కూడా వదిలేసి రెండు వారాలైతే దవాఖానకు తీసుకురండి. రక్తహీనత, థైరాయిడ్ కూడా చూస్తాం. అయితే రక్తం తక్కువుందని ఐరన్ గోలీలిచ్చి అక్కడితో ఆపకూడదు. రెండు సమస్యలూ ఒకే బిడ్డకు ఉండొచ్చు. ఈ మాట తోటి డాక్టర్లకు కూడా చెబుతున్నాను.

అపోహ: “చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే.”

వాస్తవం: అడగడం వల్ల ముప్పు పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. డిప్రెషన్‌ను గుర్తించడానికి మేం వాడే పీహెచ్‌క్యూ అనే ప్రశ్నల పట్టికలో తొమ్మిదోది ఇదే. కాకపోతే దాన్ని అమ్మానాన్నల ముందు అడగం. “నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. నీ ప్రాణానికి ప్రమాదమనిపిస్తే మాత్రం మీ వాళ్లకు చెప్పాల్సి వస్తుంది” అని ముందే చెప్పి, బిడ్డతో విడిగా మాట్లాడాలి. ఆలోచన ఉందంటే ఆ రోజే జిల్లా దవాఖానలో సైకియాట్రిస్టుకు చూపించాలి. ఒంటరిగా వదలకూడదు. పత్తి, వరి పండించే ఇళ్లలో పురుగుల మందు, గడ్డి మందు చేతికందేలా ఉంటాయి. వాటిని ఇంట్లోంచి తీసేసి, వేరే చోట తాళం వేయించాలి.

అపోహ: “దీనికి ఎర్రగడ్డ మానసిక దవాఖానకు పోవాల్సిందే.”

వాస్తవం: తీవ్రంగా ఉన్నవాళ్లను పెద్ద దవాఖానకు పంపాలి. మిగతావాళ్లలో చాలామందికి మండలంలోనే చికిత్స చేయొచ్చు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 101 మంది 13-17 ఏళ్ల పిల్లలపై చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. ఒక గుంపుకు మామూలు పద్ధతి. రెండో గుంపులో ప్రతి బిడ్డ బాధ్యతను క్లినిక్‌లోనే ఒకరికి అప్పగించారు. వాళ్లు పిల్లలను, తల్లిదండ్రులను కూర్చోబెట్టి చికిత్స నిర్ణయించి, క్రమం తప్పకుండా పలకరించి, గుణం కనిపించకపోతే చికిత్స మార్చేలా చూశారు. వెనక సైకియాట్రిస్టు సలహా ఉండేది. ఏడాదికి డిప్రెషన్ పూర్తిగా తగ్గింది ఈ గుంపులో 50 శాతం మందికి, మామూలు పద్ధతిలో 21 శాతం మందికే.

మన దగ్గర అసలు లోపం కూడా ఇదే. ఒకసారి వచ్చిన బిడ్డను మళ్లీ పిలిచేవారు లేరు. ప్రతి కేంద్రంలో ఒక నర్సో ఏఎన్‌ఎమ్మో ఒక రిజిస్టర్ పెట్టుకుని, రాని బిడ్డకు ఫోన్ చేసి, ఆశా కార్యకర్తను ఇంటికి పంపితే చికిత్స సగం గాడిన పడుతుంది. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు.

అపోహ: “ఆ గోలీలు అలవాటైపోతయ్.”

వాస్తవం: అలవాటయ్యేవి ఆల్‌ప్రజోలం లాంటి నిద్రమాత్రలు. అవి డిప్రెషన్‌కు మందు కాదు. డిప్రెషన్‌కు ఇచ్చే ఫ్లూయోక్సెటిన్ మత్తు మందు కాదు. తేలికపాటి డిప్రెషన్‌కు మొదట అదీ అక్కర్లేదు. మాట్లాడటం, నిద్ర, ఆట, వరుస పలకరింపులతో చూస్తాం. అంతకు మించి ఉంటే మందు పనిచేస్తుంది. 2004లో 439 మంది టీనేజ్ పిల్లలపై చేసిన ట్రయల్‌లో మందు, కౌన్సెలింగ్ కలిపి ఇస్తే 12 వారాల్లో 71 శాతం మందికి గుణం కనిపించింది. పోలిక కోసం మందు లేని ఉత్తుత్తి గోలీ ఇచ్చినవాళ్లలో అది 35 శాతం.

2004లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. పలు ట్రయల్స్ కలిపి చూస్తే, ఈ తరహా మందులు వాడిన పిల్లల్లో 4 శాతం మందిలో, ఉత్తుత్తి గోలీ వాడినవాళ్లలో 2 శాతం మందిలో చావు ఆలోచనలు, ప్రయత్నాలు కనిపించాయి. ఆ ట్రయల్స్‌లో ఎవరూ చనిపోలేదు. అందుకే తొలి నెల వారం వారం రమ్మంటాం. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. మీ అంతట మీరు ఆపొద్దు.

అపోహ: “ఎవరో ఏదో చేసిండ్రు, గుట్టకు తీసుకపోతే చాలు.”

వాస్తవం: గుట్టకు పోండి, మొక్కు తీర్చుకోండి. చికిత్స కూడా నడవనివ్వండి.

అపోహ: “తెలిస్తే ఆడపిల్లకు పెళ్లి కాదు.”

వాస్తవం: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం మా బాధ్యత. దవాఖానకు రావడానికే జంకు ఉంటే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.