బండ పేలడానికి బలహీనత కారణం కాదు

బెంగళూరులో మారికుప్పం రైలెక్కితే సుమారు ఎనభై కిలోమీటర్ల తర్వాత ఊరిగాం, ఛాంపియన్, మారికుప్పం స్టేషన్లు వరసగా వస్తాయి. అదే కోలారు బంగారు గనుల (కేజీఎఫ్) ప్రాంతం. చిత్తూరు సరిహద్దు పక్కనే ఉన్నందున తమిళం, కన్నడంతో పాటు తెలుగూ అక్కడ వినిపిస్తుంది. 2001 ఫిబ్రవరి 28న మూతపడే నాటికి ఛాంపియన్ రీఫ్ గని సుమారు 3.2 కిలోమీటర్ల లోతుకు చేరింది. అంత లోతులో కార్మికులు అన్నిటికన్నా ఎక్కువ భయపడింది రాక్‌బర్స్ట్‌కే. నిశ్చలంగా ఉన్న గోడ ఉన్నట్టుండి పేలి, బండ ముక్కలు తూటాల్లా ఎగిరిపడతాయి.

కేంద్ర గనుల శాఖ 1988లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్‌ను కేజీఎఫ్‌లోనే నెలకొల్పింది. ఆ సంస్థకు ఇప్పుడు బెంగళూరు కేంద్రం.

బండ ఎందుకు పేలుతుందన్న లెక్క మొదలయ్యేది బరువు దగ్గర. భూమిలోకి కిలోమీటరు దిగితే పైనున్న బండ సుమారు 27 మెగాపాస్కల్స్ ఒత్తిడితో నొక్కుతుంది. 3.2 కిలోమీటర్ల దగ్గర అది 86 దాటుతుంది, అంటే చదరపు సెంటీమీటరు మీద 880 కిలోల బరువు. ఖనిజం తవ్వి ఖాళీ చేసిన చోట ఆ బరువు మాయం కాదు, పక్కన తవ్వకుండా వదిలిన బండ స్తంభాల (పిల్లర్ల) మీదికి మారుతుంది. అక్కడ ఒత్తిడి రెండు మూడు రెట్లు కావడం మామూలే.

మరి బండ ఎంత మోయగలదు? 54 మిల్లీమీటర్ల వ్యాసం, దానికి రెండున్నర రెట్లు పొడవు ఉన్న కోర్‌ను, అంటే బండ నుంచి డ్రిల్ చేసి తీసిన గుండ్రటి కడ్డీని, యంత్రంలో పెట్టి నొక్కుతారు. రెండు చివర్లూ 0.02 మిల్లీమీటర్ల తేడాకు మించకుండా చదునుగా ఉండాలి. లేకపోతే భారమంతా ఎత్తుగా ఉన్న చోటే పడి కోర్ తొందరగా చీలుతుంది, బండ అసలు బలం కన్నా తక్కువ చూపిస్తుంది. 200 మెగాపాస్కల్స్ బలమున్న గట్టి రాయైతే ఈ చిన్న కోర్ 46 టన్నుల దాకా మోస్తుంది.

నా దృష్టిలో అసలు విషయం ఆ తర్వాతి క్షణంలో ఉంది. ఒకే బండ నుంచి తీసిన రెండు కోర్లను వేర్వేరు యంత్రాల్లో నొక్కితే ఒకటి పెద్ద చప్పుడుతో పొడిపొడి అవుతుంది, మరొకటి మెల్లగా నలుగుతుంది. తేడా రాయిలో లేదు, యంత్రంలో ఉంది. నొక్కేటప్పుడు యంత్రపు ఫ్రేమ్ కూడా కొద్దిగా సాగి, లాగిన ఉండేలు రబ్బరులా శక్తిని దాచుకుంటుంది. కోర్ లొంగడం మొదలవగానే ఫ్రేమ్ వెనక్కి వచ్చి ఆ శక్తినంతా దాని మీద కుమ్మరిస్తుంది. ఫ్రేమ్ బిగువుగా, దాదాపు సాగకుండా ఉంటే కుమ్మరించడానికి శక్తి ఉండదు. నలిగిన కోర్ కూడా ఇంకా కొంత భారం మోస్తూనే ఉంటుంది. 1960లలో దక్షిణాఫ్రికా పరిశోధకులు దీన్ని గని పిల్లర్లకు అన్వయించారు. పిల్లర్ కోర్ అయితే, చుట్టూ ఉన్న కొండంత బండ యంత్రపు ఫ్రేమ్. తవ్విన ఖాళీ పెరిగే కొద్దీ ఆ ఫ్రేమ్ మెత్తబడుతుంది. అందుకే ‘గట్టి బండ, భయం లేదు’ అనుకోవడం ప్రమాదం. గట్టి బండ ఎక్కువ శక్తిని దాచుకుని, ఒక్కసారిగా వదులుతుంది.

ఖాళీలను నింపమనేది ఇందుకే. కోలారులో ఒకప్పుడు రాతి కట్టడాలు వాడేవారు, తర్వాత కాంక్రీట్ వచ్చింది. ఖనిజాన్ని పొడి చేసే మిల్లు నుంచి వచ్చే ఇసుకను నీటితో కలిపి పంపడం ఇంకో పద్ధతి. దానికి ముందు మెత్తటి బురదను వేరు చేయాలి, లేకపోతే నీరు దిగదు. నీరు దిగాక ఇసుక కుంగి కప్పు దగ్గర సందు మిగులుతుంది. ఆ సందు మూసుకునేదాకా నింపుడు ఏ భారమూ మోయదు. రెండు వైపుల నుంచి తవ్వుకొస్తూ మధ్యలో సన్నటి పిల్లర్ వదిలేయడం మరీ పెద్ద పొరపాటు, చుట్టుపక్కల బరువంతా దాని మీదే పడుతుంది.

బండ ఎక్కడ పగులుతోందో జియోఫోన్లు, అంటే బండలోని అదురును పసిగట్టే పరికరాలు, చెబుతాయి. గట్టి బండలో పగులు నుంచి వచ్చే మొదటి తరంగం సెకనుకు దాదాపు 6 కిలోమీటర్లు పోతుంది, అంటే ఒక మిల్లీసెకను పొరపాటుకు 6 మీటర్ల తేడా. స్థలం మూడు కొలతలు, సమయం ఒకటి కలిపి నాలుగు తెలియని సంఖ్యలు కాబట్టి కనీసం నాలుగు జియోఫోన్లు కావాలి. అన్నిటినీ ఒకే లెవెల్లో బిగిస్తే లోతు తప్పుతుంది. పాత ఖాళీలు అడ్డొస్తే తరంగం చుట్టు తిరిగి ఆలస్యంగా చేరుతుంది, మ్యాపులో పగులు చోటును చూపే చుక్క పక్కకు జరుగుతుంది. అందుకే ముందుగా తెలిసిన చోట బ్లాస్టింగ్ చేసి, లెక్క సరిగా వస్తోందో లేదో చూసుకుంటారు.

గని మూసినంత మాత్రాన బండ పగలడం ఆగదు. పంపులు ఆగాక కోలారు సొరంగాల్లోకి నీరు ఎక్కింది. పగుళ్లలో చేరిన నీరు రెండు ముఖాలను ఎడంగా నెట్టి, వాటిని పట్టి ఉంచే రాపిడిని తగ్గిస్తుంది. దాంతో మనుషులెవరూ లేని గనిలోనూ బండ కదులుతుంది, పైన ఊళ్లో ఇళ్లు అదురుతాయి.